మా అంతర్వేది యాత్ర

ఈ సంవత్సరము మాఘమాసమున, అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణోత్సవముల సందడి తగ్గిన పిదప, మేము సకుటుంబముగా ఆ క్షేత్రమునకు పోయి వచ్చితిమి. రాజమహేంద్రవరము మొదలు సముద్రసంగమము వఱకు గోదావరి వెంబడి సాగిన ఆ ప్రయాణము రెండు దినములది మాత్రమే. యాత్రావిశేషములను వ్రాయుటయే మా ముఖ్యోద్దేశమైనను, రెండేండ్లుగా మా మనస్సున మెదలుచున్న యొక సందేహము కూడ మాతోపాటు ఆ బండి యెక్కినది గావున, దానిని విడిచి వ్రాయుట మాకు సాధ్యము కాకున్నది. బిడ్డలు గల మన సోదరీమణులలో కొందఱికైనను ఇది పనికివచ్చునని తలంచి దాచక వ్రాయుచున్నాము.

బాల్యమునుండియు మాకొక గుణము కలదు. పొయ్యిమీద పాలు పెట్టి గుమ్మములోనికి పోయినచో, ఆ పాలు పొంగి నేలపాలైన పిమ్మట గాని మాకు జ్ఞప్తికి రావు. తాళపుచెవులు చేత బట్టుకొనియే యిల్లంతయు వెదకుదుము. ఎదుటివారి మాట సగములో నుండగా మా మనస్సు మఱియొక వీధి తిరిగి వచ్చును. మూడవ తరగతిలో నుండగా, ఈ పిల్ల కుదురుగా కూర్చుండదు, తోడివారిని కూర్చుండనీయదు అని బడినుండి ఇంటికి కబురు వచ్చెను. అప్పుడు మా తాతగారు మమ్ము బడి మాన్పించి తామే చదువు చెప్పసాగిరి. అమరకోశము, రఘువంశము, భారతము మేము నేర్చినదంతయు కాలువగట్టుమీద నడచుచు నేర్చినదే. మమ్ము కూర్చుండబెట్టి యాయన యొక్క శ్లోకమైనను చెప్పలేదు. "దీని కాళ్ళు కదిలితే మనసు నిలుస్తుంది" అని యాయన మా తల్లితో అనుచుండువారు. ఆయన వైద్యశాస్త్రము చదివినవారు కారు. మనుమరాలిని మాత్రము చదివినవారు.

తరువాత మేము ఉపాధ్యాయుని యింట కోడలమైతిమి. సంసారములో అడుగిడిన పిదప ఆ గుణము వేడుకగా నుండక భారమయ్యెను. కరెంటు బిల్లు గడువు దాటును. బంధువుల పెండ్లి తేదీ మఱపున పడును. చేసిన పనికంటె సగములో విడిచిన పనులే యెక్కువ. "బద్ధకము", "నిర్లక్ష్యము" అను మాటలు ఒకరు అనకపోయినను మమ్ము మేమే అనుకొనుచుంటిమి. తుదకు మా ముప్పదినాలుగవ యేట, కాకినాడలో ఒక మానసిక వైద్యురాలు రెండు దినములు ఓపికతో విచారించి, దీనికి ఏడీహెచ్‌డీ యని పేరు చెప్పిరి. అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్ అనుమాట కవి మొదటి అక్షరములట. మన భాషలో అవధానలోపము, అతిచాంచల్యము అని చెప్పుకొనవచ్చును. పేరు తెలిసిన దినమున మా కన్నుల నీరు తిరిగెను. అది దుఃఖమో ఊఱటయో మాకే తెలియలేదు. ఇంటికి వచ్చి, పడసాలలో కాగితపు పడవలు చేసికొనుచున్న మా అమ్మాయిని చూచినంతనే మఱియొక ప్రశ్న పుట్టెను: ఇది దీనికి కూడ సంక్రమించునా?

మా అమ్మాయికిప్పుడు అయిదున్నర యేండ్లు. ఆ ప్రశ్నతోనే మేము ప్రయాణమైతిమి.

బండిలో మేము, మావారు, అమ్మాయి, మా అత్తగారు. త్రోవలో కడియము చేరువ గ్రామమున మా తల్లిని కూడ ఎక్కించుకొంటిమి. కడియము, కడియపులంక పూలతోటలకును, అంట్లకును దేశమంతట పేరు పొందిన తావులు. బాటకిరువైపుల చామంతులు, బంతులు, గులాబులు, కుండీలలో మామిడి మొక్కలు. కాని మా వంటి వారికి కడియమనగానే మొదట జ్ఞప్తికి వచ్చునది వేఱు. తిరుపతి వేంకట కవులలో ఒకరగు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1870లో జన్మించినది ఈ యూరనే. వారి జంట దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు భీమవరము ప్రాంతపు యండగండిలో జన్మించిరి. అష్టావధాన శతావధానములతో ఆంధ్రదేశమును మ్రోగించిన ఆ యిరువురును గోదావరి నీరు త్రావినవారే.

అవధానలోపమను జబ్బు పేరు పెట్టించుకొని అవధానుల యూరిగుండ పోవుచుంటిమి గదా యని మాకు నవ్వు వచ్చెను. అష్టావధానములో ఎనిమిదిమంది పృచ్ఛకులుందురు. అందొకరిపని అప్రస్తుతప్రసంగము, అనగా అవధాని పద్యము నడుమ నుండగా సంబంధము లేని మాటలతో ఆయన దృష్టిని మరల్చుట. మఱియొకరు గంట కొట్టుచుందురు. ఎన్ని గంటలైనవో అవధాని లెక్క తప్పక చెప్పవలెను. మా తలలో ఆ అప్రస్తుతప్రసంగి వేతనము లేకయే పగలనక రేయనక కొలువు చేయుచున్నాడని మావారితో అంటిమి. డాక్టరుగారు చెప్పినదియు నట్టిదే. ఈ లక్షణము గలవారికి అవధానము బొత్తిగా లేకపోవుట కాదు. దానిని కావలసినచోట నిలుపుటయు, అక్కఱ తీరినచోటినుండి మరల్చుటయు కష్టము. మనసుకు నచ్చిన పనిలో వారు లోకమును మఱచి మునిగిపోవుదురు.

కడియమునుండి ధవళేశ్వరము చేరితిమి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో బాలికల పాఠశాలను నెలకొల్పిన యూరిది. మన చేత పుస్తకము పెట్టిన పుణ్యములో ఈ యూరికిని పాలు కలదు. ఇచ్చటనే సర్ ఆర్థర్ కాటన్ దొర పేర మ్యూజియమొకటి యున్నది. 1847లో మొదలిడి 1852 నాటికి ఆయన గోదావరికి ఆనకట్ట కట్టించెను. అంతకుముందు ఈ సీమ తుపానులకును కఱవులకును నలిగిపోయినది. 1833 నాటి కఱవు మాట తరతరములవారు చెప్పుకొనిరి. నదిలో నీరు లేక కాదు. ఆషాఢశ్రావణములలో ఊళ్ళను ముంచి, మాఘము వచ్చుసరికి పొలములను ఎండబెట్టి, ఆ నీరంతయు సముద్రము పాలగుచుండెను. ధవళేశ్వరము వద్ద డెల్టాకు తలయున్నది. అచ్చటనుండి నేల విసనకఱ్ఱవలె సముద్రము వైపునకు వాలియున్నది. గనుక ఆ తలచోట నీటిని కొంచెము ఎత్తినచో చాలును, అది తనంతట తాను కాలువల గుండ ఊరూరికి పోవును. కాటన్ దొర కనిపెట్టినది ఆ కీలకమే. ఆయనకు కుడిభుజమై పనిచేసిన వీణెం వీరన్నగారు మనవారే.

మేము ఆ మ్యూజియములోని ఆనకట్ట నమూనా యెదుట నిలిచి, నీరెట్లు మరలునో, లాకులెట్లు తెఱచుకొనునో చూచుచు మైమఱచితిమి. ఎంతసేపు నిలిచితిమో యెఱుగము. "పిల్లేదీ?" అని అత్తగారి కేక వినబడువఱకు మా చేతిలో అమ్మాయి చేయి లేదని మాకు తెలియనేలేదు.

ఆ పావుగంట యెట్లు గడచినదో వ్రాయజాలము. ఎదుట కాలువలున్నవి, అవతల గోదావరి. మావారు ఒకవైపు, మేము ఒకవైపు పరుగిడితిమి. తుదకు తోటలో ఒక చెట్టుక్రింద అమ్మమ్మ ఒడిలో అమ్మాయి కనబడెను. మా తల్లి లోపల ఉక్కపోసినదని, ఎవరితోను చెప్పక, మనుమరాలి చేయి పట్టుకొని వెలుపలికి వచ్చినదట. చెప్పవలెనను మాట ఆమెకు తోచలేదు. "చెప్పాననే అనుకున్నానే" అనెను. అత్తగారు మా తల్లిని, పిమ్మట మమ్ము, పిమ్మట అమ్మాయిని వరుసగా చూచిరి. ఆ మూడు చూపులలో మా సందేహమంతయు నుండెను. తల్లి చెప్పుట మఱచినది. కూతురు చేయి విడుచుట మఱచినది. ఇఁక మనుమరాలి మాటయేమి?

అచ్చటనుండి బ్యారేజి దాటితిమి. పాత ఆనకట్టకు మాఱుగా కట్టిన యీ బ్యారేజి 1982లో పూర్తియైనది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములలో 175 తలుపులు కలవు. 1986 ఆగస్టున వచ్చిన మహావరదలో 35 లక్షల క్యూసెక్కుల నీరు దీని మీదుగా పోయినదట. మాఘము గనుక మేము చూచినపుడు తలుపులు మూసియుండెను. ఎగువ నీరు అద్దమువలె నిలిచియుండెను. దిగువ ఇసుక తిన్నెలపై కొంగలు వాలియుండెను. ఇచ్చటనుండియే గోదావరి రెండుగా చీలును. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ. సప్తర్షులు నదిని ఏడు పాయలుగా కొనిపోయిరని పురాణగాథ. మా తల్లి ఆ కథ చెప్పుచుండగా అమ్మాయి, "అన్ని పాయల్లోనూ ఒకటే నీళ్ళా అమ్మమ్మా?" అని యడిగెను. "ఒకటే నీళ్ళు, ఒడ్లు వేఱు" అని మా తల్లి బదులు చెప్పెను.

ఆ మాట విని, డాక్టరుగారు చెప్పిన లెక్కలను మఱల మనస్సున త్రిప్పుకొంటిమి. వానిని ఇచ్చట వ్రాయుట మంచిది. ఈ లక్షణము కుటుంబములలో నడచునని సందేహము లేకుండ తేలినది. పలు దేశములలో కవలపిల్లలపై జరిగిన పరిశోధనలను క్రోడీకరించి 2019లో ప్రకటించిన వ్యాసములో, దీనిలో పుట్టుకచేత వచ్చు పాలు సుమారు నూటికి 74 అని యుండెను. ఆ అంకె చూచి మా గుండె ఝల్లుమనెను. మా బిడ్డకు నూటికి 74 పాళ్ళు వచ్చితీరునా యని యడిగితిమి. కాదని ఆమె వివరించిరి. ఆ అంకె, జనసమూహములో ఒకరికిని మఱియొకరికిని గల భేదములో జన్మమునుండి వచ్చు పాలెంతయో చెప్పును. ఫలానా బిడ్డకు వచ్చునా రాదా యను మాట చెప్పదు. ప్రపంచమున పిల్లలలో ఇది నూటికి సుమారు అయిదుగురికి ఉండును. తల్లికో తండ్రికో తోబుట్టువునకో ఉన్నయెడల ఆ సంభావ్యత అయిదు మొదలు తొమ్మిది రెట్లు హెచ్చును. ఆసుపత్రులకు వచ్చిన పెద్దల బిడ్డలను పరిశీలించిన కొన్నిచోట్ల దాదాపు సగముమందిలో కనబడెను. తక్కిన సగముమందిలో కనబడలేదు. ఇది ఒక జన్యువు పని కాదు. 2023లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశోధనలో జన్యుపటమున 27 తావులు దీనితో సంబంధము గలవిగా తేలినవి. అందొక్కొక్కదాని బలము మిక్కిలి స్వల్పము. రక్తము పరీక్షించి ముందుగా చెప్పగల పరీక్ష లేదు. నెలలు నిండకమునుపు పుట్టుట, పుట్టినప్పుడు తూకము తక్కువగుట మొదలగునవియు దీనితో ముడివడియున్నవి. తల్లి పెంపకము చెడుటవలన గాని, పిల్లలు తీపి తినుటవలన గాని ఇది పుట్టదు.

బొబ్బర్లంక వద్ద బ్యారేజి విడిచి కోనసీమలో ప్రవేశించితిమి. కాలువ ప్రక్కనే బాట. కాలువకావల కొబ్బరి, కొబ్బరినడుమ అరఁటి, వానినడుమ కంద. ఆత్రేయపురమున ఆగితిమి. ఈ యూరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఒక యింటి అరుగుమీద ఒకామె రేకులు తీయుచుండెను. అడుగు పైకి ఉండునట్లు బోర్లించిన గుండ్రని కుండ. దానిలోపల కొబ్బరియాకు మంట. పలుచని గుడ్డను బియ్యపు పాలలో ముంచి, ఆ కుండమీద ఒక్కసారి పఱచి తీసినంతనే, ఉల్లిపొరకంటె సన్నని రేకు కుండకంటుకొని లేచి వచ్చును. దానిని విఱుగకుండ ఒలిచి ప్రక్కన పెట్టి మఱల గుడ్డ ముంచును. నేయియు, చక్కెర లేక బెల్లపు పొడియు చల్లి మడత పెట్టుట పిదపటి పని.

మా అమ్మాయి ఆమె యెదుట గొంతుక్కూర్చుండి చూడసాగెను. కదలదు, మెదలదు. అరగంట గడచెను. పిలిచినను పలుకదు. మేము లోలోపల పొంగిపోయితిమి. ఇంత నిలుకడగా కూర్చున్న బిడ్డకు మా జబ్బు ఎట్లుండును? అంతలో డాక్టరుగారి మాట జ్ఞప్తికి వచ్చెను: నచ్చినదానిలో వారు లోకము మఱతురు. పిలిచినను పలుకకపోవుట! పొంగిన మనస్సు ఆ కుండమీది రేకువలె ఒక్క క్షణములో ముడుచుకొనెను. కూర్చున్నచో ఒక భయము, పరుగెత్తినచో ఒక భయము. అప్పుడు మాకు సిగ్గు కలిగెను. రెండేండ్లుగా మేము బిడ్డను చూచుట మానివేసి, బిడ్డలో జబ్బును మాత్రమే వెదకుచున్నాము. పూతరేకులు చూచి సంతోషించుచున్న అయిదున్నరయేండ్ల పిల్ల మాకు ప్రశ్నపత్రమైనది. ఆ రేకులు చేయు నామె మాత్రము నవ్వుచు, మంట తగులని వైపునుండి ఒక రేకు అమ్మాయి చేతనే ఒలిపించెను. అది చిరిగిపోయెను. "ఫర్వాలేదమ్మా, నా మొదటి నూఱు రేకులూ చిరిగిపోయాయి" అని ఆమె మఱల గుడ్డ ముంచెను.

రావులపాలెము, కొత్తపేట దాటి, లంకల గన్నవరము చేరునప్పటికి మధ్యాహ్నము తిరిగెను. ఇచ్చట వసిష్ఠనుండి చీలిన వైనతేయనదిపై అక్విడక్టు కలదు. అనగా నదిమీద కట్టిన కాలువ. క్రింద ఏఱు, పైన కాలువ. ఈ నీటికిని ఆ నీటికిని పొత్తులేదు. కాటన్ దొర కాలమున కట్టిన పాత అక్విడక్టును చూచి, కాలువ నీరు ఏటిని దాటి అవతలి లంకకు పోవుట అమ్మాయికి విప్పి చెప్పుట మావారివంతయ్యెను. 2000లో వచ్చిన కొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 1841 మొదలు 1909 వఱకు జీవించి, ఈ గన్నవరమునందలి తన యింట ఆకలియని వచ్చినవారికెల్ల కులము, వేళ అడుగక అన్నము పెట్టిన ఆ తల్లిని ఎఱుగని గోదావరి స్త్రీ యుండదు. 2024 మొదలు మన రాష్ట్రపు బడులలో మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరే పెట్టిరి. మావారి బడిలోను ఆ పేరనే అన్నము వడ్డింతురు.

చెట్టునీడను అన్నము తినుచుండగా అత్తగారు మెల్లగా మాట యెత్తిరి. "అమ్మాయీ, డాక్టరమ్మ చెప్పిన మాట మనలోనే ఉండనీ. ఆడపిల్ల. రేపు దానికి సంబంధాలు రావాలి. అయినా మా వంశంలో ఇలాంటివి లేవు" అనిరి. మా తల్లి తలవంచుకొనెను. మావారు నవ్వి, "మఱి మా చిన్నాన్నో?" అని యడిగిరి. అత్తగారు కొంతసేపు ఊరకుండి తామును నవ్విరి. ఆ చిన్నాన్నగారు బడినుండి నాలుగుసార్లు పాఱిపోయి, కొబ్బరి వ్యాపారము, చేపల చెఱువు, సోడాల దుకాణము, కోళ్ళఫారము అన్నియు మొదలిడి, ఏదియు నడపక, ఊరిలో అందఱకు ఆప్తుడై, పడవమీద పరుగులు తీయుచు జీవితము గడపినవారట. "వాడికీ పేరుందంటావా?" అని అత్తగారు అడిగిన తీరులో వెనుకటి కాఠిన్యము లేదు.

భోజనమైన పిదప మావారు మాతో ఒక మాట చెప్పిరి. ఉద్యోగమున చేరిన తొలియేడు వారి తరగతిలో ఒక పిల్లవాడుండెనట. లెక్క నోటితో క్షణములో చెప్పును, పలకమీద వ్రాయడు; పలక మఱచును, బలపము పోగొట్టును, కిటికీలోనుండి చూచుచుండును. సంవత్సరము పొడుగున వానిని బెంచీమీద నిలువబెట్టిరి. వాడు ఆ మరుసటి యేడు బడి మానెను. "నీకు ఆ డాక్టరమ్మ ఒక్కొక్క ప్రశ్నే వేస్తుంటే నాకు వాడు కనబడ్డాడోయ్. నేను వాడి కాలువ త్రవ్వలేదు, గేటు మూశాను" అని వారనిరి. లండనులో జార్జి స్టిల్ అను పిల్లల వైద్యుడు 1902లో ఇట్టి బాలురను వర్ణించి, తెలివి యుండియు తమ్ము తాము పట్టుకొనజాలరనియు, ఇది నీతినిగ్రహములోని లోపమనియు ఉపన్యసించెను. నూఱేండ్లకు పైగా గడచినవి. లోపము నీతిలో లేదని శాస్త్రము తేల్చినది. కాని బెంచీలింకను ఉన్నవి. ఇప్పుడు మావారి తరగతిలో అట్టి పిల్లలకు సుద్దముక్కలు తెచ్చుట, బల్ల తుడుచుట, పుస్తకములు పంచుట మొదలగు పనులు అప్పగింపబడుచున్నవి. మా తాతగారి కాలువగట్టు పద్ధతియే అది.

సాయంకాలమునకు రాజోలు, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరితిమి. స్వామిదర్శనము చేసికొని, వసిష్ఠ సముద్రములో కలియు అన్నాచెల్లెళ్ళ గట్టునకు పోయితిమి. ఒకవైపు ఏటినీరు, ఒకవైపు కడలినీరు, నడుమ ఇసుక. సూర్యుడు కొబ్బరితోటల వెనుకకు వాలుచుండెను. అమ్మాయియు, వాళ్ళ నాన్నగారును గవ్వలేఱుకొనుచు దూరముగా పోయిరి. అత్తగారు గుడివద్ద కూర్చుండిపోయిరి. మేమును మా తల్లియు మిగిలితిమి.

"నావల్లనేనా నీకు వచ్చిందీ?" అని మా తల్లి హఠాత్తుగా అడిగెను. ఉదయమునుండి, కాదు, డాక్టరు మాట విన్న నాటినుండి ఆమె ఈ ప్రశ్నను కొంగున ముడివేసికొని తిరుగుచున్నదని అప్పుడు తెలిసెను. మేము బిడ్డనుగూర్చి భయపడుచు, మాకొక తల్లి యున్నదనుటయే మఱచితిమి. ఏమి చెప్పవలెను? అబద్ధమాడుటకు మనసొప్పలేదు. "అయి ఉండొచ్చునమ్మా" అంటిమి. ఆమె కన్నులు తుడుచుకొనెను. అప్పుడు మాకు తోచిన మాట చెప్పితిమి: "పాలు పొంగించడం నీదగ్గరనుంచే వచ్చింది. అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులంటే చెప్పులు వేసుకోకుండా పరుగెత్తడమూ నీదగ్గరనుంచే వచ్చింది. నిన్ను నేనేమీ అనుకోలేదమ్మా, నువ్వు లేకపోతే నేనెక్కడ?" ఆమె మాట్లాడలేదు, మా చేయి పట్టుకొని చాలసేపు కూర్చుండెను.

మా తల్లికి చెప్పిన ఆ మాటయే మా ప్రశ్నకును జవాబైనది. ఇరువదియేండ్ల పిదప మా అమ్మాయి వచ్చి, "అమ్మా, ఇది నీవల్లనేనా?" అని యడుగవచ్చును. అడుగకపోవచ్చును. అడిగిననాడు మేము తలవంచుకొనకుండ ఉండవలెను. మా తల్లి మోసిన బరువు అది మోయకుండ ఉండవలెను. రాకుండ చేయుట మా చేతిలో లేదు. నీరు ఎగువనుండి వచ్చునది. కాని వరదగా పోవునో, కాలువలై పాఱునో, అందులో కొంత మన చేతిలో నున్నదని ఉదయము ధవళేశ్వరములో చూచియే వచ్చితిమి గదా.

ఇట్టి సందేహము గల సోదరీమణులకు మేము తెలిసికొన్న నాలుగు మాటలు చెప్పి ముగింతుము. ఈ లక్షణము పండ్రెండేండ్ల లోపుననే పొడచూపును. ఇంట మాత్రమో, బడిలో మాత్రమో కాక, రెండు తావులను, ఆఱునెలలకు తక్కువ కాకుండ, పని చెడునంతగా కనబడినప్పుడే వైద్యులు దీనిని నిర్ణయింతురు. అల్లరియంతయు జబ్బు కాదు. ఆడపిల్లల విషయమున మఱింత జాగ్రత్త వలయును. వారిలో గంతులకంటె పరధ్యానమే తఱచు. నెమ్మదైన పిల్ల అని మెచ్చుకొనుచునే ఏండ్లు గడపుదుము. ఆఱేండ్ల లోపు పిల్లలకు మందుకంటె ముందు తల్లిదండ్రులకు శిక్షణ మేలని పెద్దల మతము: ఒక్కసారికి ఒక్కపనియే చెప్పుట, చిన్న మాటలలో చెప్పుట, చేసినవెంటనే మెచ్చుట, నిద్రకును భోజనమునకును వేళ తప్పకుండుట. పెద్దపిల్లలకును మావంటి వారికిని అవసరమైనచో మంచి మందులే కలవు. వైద్యుల చెప్పుచేతలలో వాడవలెను. మాకు మందుతోబాటు గోడమీది పలకయు, గంట కొట్టు గడియారమును మేలు చేసినవి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున బడులలోను అంగన్‌వాడీలలోను పిల్లలను పరీక్షించునపుడు చూడవలసిన వానిలో ఇదియు నొకటి. కావున ఆ బృందము వచ్చిన దినమున సందేహమును దాచక చెప్పుడు. 2022లో ఏర్పడిన టెలీ మానస్ వారిని 14416 అను సంఖ్యకు ఫోనుచేసి తెలుగులోనే అడుగవచ్చును. అన్నిటికంటె ముందు, తల్లికే యీ లక్షణము ఉన్నయెడల ఆమె మొదట తన చికిత్స చేయించుకొనవలెను. ఆమె నిలిచిన గాని బిడ్డకు చేయి దొరకదు.

మఱునాడుదయము సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కి వసిష్ఠ దాటి నరసాపురము మీదుగా ఇంటికి మరలితిమి. అమ్మాయిని వచ్చే వేసవి సెలవులకు ముందు ఒకమాఱు చూపించుటకు నిశ్చయించితిమి. ఏమి చెప్పినను, ఆ మాట ఇంటిలో గుసగుసగా నుండదని అత్తగారే అనిరి.

ఇంటికి వచ్చి సామానులు దింపి చూడగా, మేము పులిహోర డబ్బాను ఆత్రేయపురపు అరుగుమీదనే మఱచితిమి. మా తల్లి గొడుగు పంటులో ఉండిపోయినది. అమ్మాయి మాత్రము అంతర్వేదిలో ఏఱిన పదునాఱు గవ్వలను పిడికిట పట్టుకొని, లెక్క తప్పక తెచ్చెను. ఇందువలన ఏమియు ఋజువు కాదని మాకు తెలియును. వానిని వరుసగా గుమ్మముమీద పేర్చుచున్న బిడ్డను, ఈమాఱు దేనికొఱకును వెదకక, ఊరక చూచుచు కూర్చుంటిమి. పొయ్యిమీద పాలు పొంగెను.